బల్ల కోడు కింద నా నవల

పుస్తకం తిరిగి ఇస్తూ నోరు మెదపకుండా నిలబడేవాళ్లంటే ఆవిడకి ఒళ్లు మంట.

"ఏంటలా బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డావ్? ఎలా ఉందో చెప్పు" అనేవారు.

"బాగుందండి" అంటే ఇంకా మంట.

"బాగుందనడం అభిప్రాయం కాదు నాయనా, మర్యాద. అది వియ్యాలవారింట్లో చూపించు. నాకు అభిప్రాయం కావాలి."

పోనీ అని "బాగాలేదండి" అన్నామా, "అది అలక. అభిప్రాయం ఏదీ?" అని చెయ్యి చాపేవారు. అదేదో జేబులోంచి తీసిచ్చే వస్తువైనట్టు! అద్దె రేపిస్తానంటే ఒప్పుకునేవారు గాని, అభిప్రాయం రేపు చెబుతానంటే ససేమిరా ఒప్పుకునేవారు కాదు. అది చెప్పనిదే రెండో పుస్తకం చేతికి రాదు. కలెక్టరుగారు వచ్చినా అదే రూలు.

ఆవిడ పోయారని మొన్న తెనాలి స్టేషన్లో తెలిసింది. బాపట్ల మనిషి ఒకాయన నా పక్కన బెంచీ మీద కూర్చుని, ఎండల గురించి, రైళ్ల ఆలస్యం గురించి మాట్లాడి మాట్లాడి, "పిన్నిగారు పోయారు కదండీ" అన్నాడు. ఏ పిన్నిగారని నేను అడగలేదు. బాపట్లలో ఇంటికో పిన్నిగారు ఉండొచ్చు గాని, మా ఇద్దరికీ తెలిసిన పిన్నిగారు ఒక్కరే. అరుగు మీద నవలలు అద్దెకిచ్చే పుస్తకాల పిన్నిగారు. అసలు పేరు నాకు ఈ రోజుకీ తెలియదు. తెలుసుకోవాలని అప్పుడు తోచలేదు, ఇప్పుడు అడగబుద్ధి కాలేదు. మరుక్షణం నవ్వొచ్చింది. ఆవిణ్ణి తలుచుకుంటే నవ్వు రాకుండా ఎలా ఉంటుంది? నన్ను నలుగురిలో కూర్చోబెట్టి, నా ముందే నా నవలని ఉతికి ఆరేసిన మనిషి ఆవిడ.

అరవైలు అయిపోయి డెబ్బైలు మొదలవుతున్న రోజులు. నేను తెనాలిలో ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాణ్ణి. మా నాన్నది దుగ్గిరాలలో పసుపు వ్యాపారం. కొట్టులో కూర్చోమంటే నేను కూర్చోలేదు. ప్రెస్సులో సిరా వాసన పీలుస్తూ, దొరికిన కాగితాల మీద ఒక నవల రాశాను. కాలేజీ కుర్రకారు కోసం. పేరు 'ఏడు ఘడియల దొంగలు'.

కథ చెబుతాను, లేకపోతే తర్వాత సంగతులు మీకు రుచించవు. ముగ్గురు కాలేజీ స్నేహితులు, అందులో ఒకమ్మాయి. వాళ్లకి పాతకాలపు రాగిగిన్నె ఒకటి దొరుకుతుంది. అడుగున చిల్లు ఉండి, నీళ్లలో వేస్తే మెల్లగా మునిగి ఘడియలు లెక్కచెప్పే గిన్నె. దాన్ని బోర్లించి నీళ్లలో వేస్తే కాలం వెనక్కి నడుస్తుంది. ముగ్గురూ మూడు వందల ఏళ్లు వెనక్కి, ఒక రాజుగారి కోటలోకి వెళ్లిపోతారు. మర్నాడు శత్రువులు ఆ కోటని దోచుకుంటారని చరిత్ర పుస్తకంలో చదివారు కాబట్టి, ఒకరోజు ముందే రాణిగారి చంద్రహారం దొంగిలించి మన కాలానికి తెచ్చేయాలని వాళ్ల ఎత్తు. చేతిలో ఉన్నది ఏడు ఘడియలే. రాణిగారి తాళంచెవి కొట్టేస్తారు, ఖజానా దగ్గర ముసలి కాపలావాడికి మజ్జిగలో మత్తుమందు కలుపుతారు, హారంతో వచ్చేస్తారు. కాలేజీలో సన్మానం. శుభం.

మా పబ్లిషరు గారు చదివి, "వేద్దాం. కానీ నీ పేరుతో కాదు" అన్నారు.

"ఏమండీ, నా పేరుకేమైంది?"

"నీ పేరుకేం కాలేదు, నువ్వే మగాడివైపోయావు. అద్దె షాపుల్లో ఇవాళ ఆడపేరు లేని నవల కదలదయ్యా."

అలా నేను ముద్దొచ్చే మూడక్షరాల ఆడపేరు ఒకటి పెట్టుకున్నాను. రాసింది నేనని ఎవరికీ చెప్పకూడదని ఆయన షరతు. షాపుల్లో జనం ఏమంటున్నారో కనుక్కుని వస్తే రెండో భాగం సంగతి చూద్దామన్నారు. మా నాన్నది ఇంకో షరతు. "ఈ ఒక్క పుస్తకం ముచ్చట తీరనీ. రెండోది అచ్చు కాలేదా, దసరా నాటికి కొట్టులో కూర్చో." నాకు పసుపంటే అసహ్యం లేదు గాని, జన్మంతా తూకం వేస్తూ బతకడం ఊహించుకుంటే ఏడుపొచ్చేది. అందుకని చంకలో సంచీ వేసుకుని, పబ్లిషరు గారి మనిషినని చెప్పుకుంటూ, నా నవల గురించి నేనే జనాన్ని అడగడానికి బయల్దేరాను.

తెనాలిలో అభిప్రాయాలకి కరువా! కిళ్లీ కొట్టువాడిని అడిగినా విమర్శకుడే. "శైలి ఉంది, శిల్పం లేదండి" అన్నాడు ఒకాయన, పుస్తకం సగం కూడా తెరవకుండా. రేపల్లె షాపువాడిది వేరే కొలత. "చిరిగిందా లేదా అన్నదే నేను చూస్తాను. మీ పుస్తకం అట్ట ఊడిందండి. మంచిదే" అన్నాడు. పెనుమూడి రేవులో పడవ కోసం కూర్చున్న ఒక రైతు, "పడవ అవతలి ఒడ్డుకి చేరేలోగా అయిపోవాలండి పుస్తకం. ఇది ఇంకా మిగిలిపోయింది. అదే దీంతో చిక్కు" అన్నాడు. వీటితో పబ్లిషరు గారికి ఏం చెప్పాలి?

చివరికి బాపట్ల ప్యాసింజరు ఎక్కాను. రేపల్లె షాపువాడే చెప్పాడు, నిజమైన అభిప్రాయం కావాలంటే పిన్నిగారి అరుగు మీదికి వెళ్లమని.

ఆ ఇల్లు చిన్నది. వీధి అరుగు మాత్రం పెద్దది. గోడవారగా కొబ్బరితాళ్లతో వేలాడదీసిన చెక్కల మీద పుస్తకాలు. మధ్యలో చెక్కబల్ల ఒకటి. గుమ్మానికి సగం దాకా పాత చీరతో కుట్టిన తెర. పిన్నిగారు గోడకి జారగిలబడి చింతపండు గింజలు తీస్తున్నారు. కళ్లజోడు ఒక కాలు విరిగితే ఆ పక్క దారం కట్టి చెవికి చుట్టుకున్నారు. సన్నటి మనిషి, గొంతు మాత్రం వీధి మలుపు దాకా వినిపిస్తుంది.

నేను వెళ్లేసరికి ఒక పిల్ల పుస్తకం తిరిగి ఇస్తోంది. పిన్నిగారు దాన్ని తీసుకుని ముందు వాసన చూశారు. మీరు నమ్మండి నమ్మకపోండి, ప్రతి పుస్తకాన్నీ అలాగే చూసేవారు.

"మాడిన పోపు వాసనొస్తోంది. మీ అమ్మ చదివిందా?"

"అవునండి."

"పోపు మాడిందంటే కథ పట్టుకుందన్నమాట. మీ అమ్మనే వచ్చి అభిప్రాయం చెప్పమను. నీ నోటితో వద్దు."

కొన్ని పుస్తకాలు నశ్యం వాసన, కొన్ని తలనూనె వాసన. ఏ పుస్తకం పడగ్గదిలో చదివారో, ఏది పెద్దాయన చూడకుండా గాదె వెనక కూర్చుని చదివారో ఆవిడ ఇట్టే చెప్పేసేవారు. ఒక పుస్తకాన్ని వాసన చూసి, "దీనికి ఏ వాసనా లేదు. తెరవలేదు నువ్వు" అని ఓ కుర్రాణ్ణి వెనక్కి తరిమేయడం నేను కళ్లారా చూశాను.

నేను బల్ల మీద కూర్చున్నాను. పబ్లిషరు గారి మనిషినని చెప్పి, "ఏడు ఘడియల దొంగలు ఎలా పోతోందండి?" అని అడిగాను.

"నువ్వు కూర్చున్నది దాని మీదే" అన్నారు.

వంగి చూశాను. బల్ల కోడు ఒకటి పొట్టిది. దాని కింద, నా నవల. మూడక్షరాల ఆడపేరు కోడు కింద నలిగిపోయి, చివరి అక్షరం ఒక్కటే బయటికి కనిపిస్తోంది.

"రెండు కాపీలు పంపారు. ఒకటి తిరుగుతోంది. రెండోది సరిగ్గా సరిపోయింది. అప్పట్నుంచి బల్ల ఊగడం లేదు" అన్నారు ఆవిడ తాపీగా. ఒళ్లు మండిపోయింది నాకు. లేచి వచ్చేద్దామనుకున్నాను. అంతలో సాయంత్రం జనం చేరడం మొదలైంది.

వచ్చినవాళ్లలో ఎదురింటి దర్జీ మస్తాన్ గారు, పోస్టుమాన్ భార్య లక్ష్మమ్మ గారు, వ్యవసాయ కాలేజీలో చదివే ఒక కుర్రాడు నాకు బాగా గుర్తు. ముగ్గురూ నా పుస్తకం చదివినవాళ్లే.

"చెప్పండమ్మా, తెనాలి నుంచి వచ్చాడు ఈ అబ్బాయి" అన్నారు పిన్నిగారు.

లక్ష్మమ్మ గారు కొంగు దోపుకున్నారు. "రాణిగారు తాళాలు విప్పి పక్కన పెట్టి స్నానానికి వెళ్లిందట, ఈ పిల్ల కొట్టేసిందట. ఏ ఆడదండీ తాళాలు విప్పి స్నానం చేసేది? మా అత్తగారు మంచాన పడి, మనుషుల్ని గుర్తుపట్టడం మానేశాక కూడా, గుత్తి మీద చెయ్యి వేస్తే కళ్లు తెరిచేది."

"పైగా ముగ్గురూ టెర్లిన్ బట్టలతో పోయారు" అన్నారు మస్తాన్ గారు. "కోటలో ఒక్కళ్లైనా ఆ గుడ్డ పట్టుకు చూడరా అండి? దొంగని పట్టుకోవడం తర్వాత. ముందు ఈ గుడ్డ ఎక్కడిదని అడుగుతారు. నేనైతే అదే అడుగుతా."

కాలేజీ కుర్రాడు ఇంకా ఘోరం. "కోట చుట్టూ కాలవలు, మండుటెండల్లో పచ్చటి రెండో పంట అని వర్ణించిందండీ ఈవిడ. మూడొందల ఏళ్ల కిందట ఈ కాలవలెక్కడివి? ఆనకట్టే లేదు!"

నా తల వాలిపోయింది. నిజమే. పుట్టి బుద్ధెరిగాక కాలవ లేని ఊరు నేను చూడలేదు. రాజులున్న రోజుల్లో కూడా కాలవ గట్టు మీదే నడిచి ఉంటారనుకున్నాను. డెల్టాలో పుట్టినవాడు తప్ప ఇలాంటి తప్పు ఇంకెవడూ చెయ్యడు.

"రాసినావిడకి పెళ్లి కాలేదనుకుంటా" అన్నారు లక్ష్మమ్మ గారు. "అయ్యుంటే తాళాల సంగతి తెలిసేది."

"వంట కూడా వచ్చినట్టు లేదు. మజ్జిగలో మందు కలిపితే చేదు తెలియదా?" అన్నారు మస్తాన్ గారు.

"పాపం, అలా అనకండి. చిన్నపిల్లేమో" అన్నారు ఇంకెవరో.

ఆ చిన్నపిల్లని నేనే. మీసం దువ్వుకుంటూ వింటున్నాను.

"తప్పులు ఎన్నడం ఎవరికైనా వచ్చు" అన్నారు పిన్నిగారు. "అయితే ఆ హారం ఎలా కొట్టేయాలో మీరు చెప్పండి."

అంతే! అరుగంతా దొంగల ముఠా అయిపోయింది. వంటామెని మంచి చేసుకోవాలని లక్ష్మమ్మ గారు. దాసీల బట్టలు ముందే కొలతలు తీసి కుట్టించాలని మస్తాన్ గారు. కోడిగుడ్డు మీద ఈకలు పీకడం అంటే ఇదేనని నేను లోపల కుతకుతలాడుతుంటే, మస్తాన్ గారు గొంతు పెంచి, "కాపలావాడు అన్నం తినడానికి వెళ్లిన సందు చూసుకుని వెనక గోడకి కన్నం వెయ్యాలి, సరుకు నా దగ్గరికి తేవాలి, నేను దుప్పట్లో పెట్టి కుట్టేస్తా" అన్నారు.

వీధిలో సైకిలు ఆగింది. దాని మీద కానిస్టేబులు.

"ఏ గోడకి సాయిబూ? ఎవరింటి సరుకు?"

మస్తాన్ గారు లేచి నిలబడ్డారు. పిన్నిగారు మాత్రం కదల్లేదు. "మూడొందల ఏళ్ల కిందటి గోడండీ. మీ స్టేషన్ కిందకి రాదు. ఇదిగో పుస్తకం. చదివి అభిప్రాయం చెప్పి, ఆ తర్వాత ఎవర్ని అరెస్టు చెయ్యాలో చేద్దురు గాని" అని తిరుగుతున్న కాపీ ఆయన చేతిలో పెట్టారు. ఆయన అటూ ఇటూ చూసి, నవలని టోపీలో పెట్టుకుని వెళ్లిపోయాడు. మేం పొట్టలు పట్టుకుని నవ్వాం. ఆ నవ్వుల్లో ఒక్క సంగతి గమనించాను. సైకిలు ఆగినప్పుడు తెర వెనక ఎవరో గబుక్కున వెనక్కి జరిగారు. అప్పటిదాకా అక్కడ ఒక మనిషి కూర్చుని వింటున్నాడని నాకు తెలియనే తెలియదు.

తర్వాతి వారం మళ్లీ వెళ్లాను. పబ్లిషరు గారు పంపకపోయినా వెళ్లేవాణ్ణే, పౌరుషం అలాంటిది. నేను బల్ల మీద కూర్చున్నానో లేదో కానిస్టేబులు వచ్చాడు. పుస్తకం తిరిగి ఇచ్చాడు. పిన్నిగారు వాసన చూసి, "బీడీ. చదివారు" అని, చెయ్యి చాపారు.

ఆయన బెల్టు సర్దుకున్నాడు. "నా అభిప్రాయం ఏంటంటేనండీ, ఈ కేసులో ముందు లోపల వెయ్యాల్సింది కాపలావాణ్ణి. డ్యూటీలో మజ్జిగ తాగి పడుకున్నాడు. వాడి చెయ్యి లేకుండా హారం ఎలా పోతుంది?"

తెర వెనక గ్లాసు కిందపడి దొర్లింది.

పిన్నిగారి మొహం చిన్నబోయింది. రూలు రూలే కాబట్టి, లేచి ఇంకో పుస్తకం తీసి ఆయనకిచ్చారు. ఇచ్చి, మెల్లగా అన్నారు. "మీది అభిప్రాయమే, కాదనను. కానీ ఆ ముసలాడు ఆ పిల్లలకి దాహానికి నీళ్లిచ్చాడు. వాళ్లిచ్చిన మజ్జిగ నమ్మి తాగాడు. అంతే కదండీ వాడు చేసింది."

నాకు రోషం ఆగలేదు. "అయినా పిన్నిగారూ, మర్నాడు శత్రువులొచ్చి కోటంతా దోచుకుంటారు కదండీ! ఇంకెవరడుగుతారు కాపలావాణ్ణి? నలభయ్యో పేజీ చూడండి, ఆ సంగతి స్పష్టంగా..."

"శత్రువులొచ్చేది రేపు. ఇవాళ సాయంత్రం రాజు అడగడా?" అన్నారు ఆవిడ. "మీ దొంగపిల్లలకి సన్మానం చేశారు, దండలు వేశారు, బాగానే ఉంది. వాడేమయ్యాడు? ఆ సాయంత్రం వాడింటికి వెళ్లాడా లేదా? అంత పుస్తకంలో ఒక్క ముక్క లేదే!"

రాసేటప్పుడు వాడికి ఇల్లు ఉంటుందనే నాకు తట్టలేదు.

ఆ రోజు స్టేషను దాకా మస్తాన్ గారు తోడొచ్చారు. దారిలో చెప్పారు. తెర వెనక ఉన్నది పిన్నిగారి భర్త. వేరే ఊళ్లో ఒక ధాన్యం గోడౌను దగ్గర కాపలా ఉండేవారట. ఎవరో బస్తాలు ఎత్తుకుపోయారు. ఈయన చెయ్యి ఉందన్నారు, అక్కడి పోలీసు స్టేషన్లో కొన్నాళ్లు కూర్చోబెట్టారు, ఉద్యోగం పోయింది. తర్వాత దొంగలు దొరికారు, ఈయనకి ఏ పాపమూ తెలియదని తేలింది. "తేలిందండీ, కానీ తేలిందని ఎవరూ దండోరా వెయ్యరు కదా" అన్నారు మస్తాన్ గారు. బాపట్ల వచ్చి ఇన్నేళ్లయినా ఆయన పగటిపూట అరుగు మీదికి రారట. నలుగురి మొహం చూడరట. ఆయన వినడానికైనా నాలుగు మాటలు ఉండాలని పిన్నిగారు అరుగు మీద ఈ పుస్తకాలు పెట్టారట. జనం చేత అభిప్రాయాలు ఎందుకు చెప్పిస్తారో, అదీ గట్టిగా ఎందుకు చెప్పిస్తారో అప్పుడర్థమైంది నాకు. రైలెక్కాక కళ్లు తుడుచుకున్నాను, సిగ్గేముంది చెప్పుకోడానికి.

మళ్లీ వెళ్లినప్పుడు అరుగు మీద ఎవరూ లేరు. పిన్నిగారు నన్ను ఎగాదిగా చూసి, "రావమ్మా రచయిత్రీ, కూర్చో" అన్నారు.

"ఎలా తెలిసిందండి?"

"నవలని తిడితే పబ్లిషరు మనిషికి నష్టం తెలుస్తుంది. రోషం రాసినవాడికే వస్తుంది. నలభయ్యో పేజీ అట!" అని పకపకా నవ్వారు. తర్వాత నవ్వు ఆపి, తెర వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అన్నారు. "ఎవరికీ చెప్పను గాని ఒక్క పని చెయ్యి నాయనా. రెండో భాగంలో ఆ ముసలాణ్ణి ఇంటికి చేర్చు. ఇంకేం అక్కర్లేదు నాకు."

రాశాను. ఆ పిల్లలు మళ్లీ గిన్నె బోర్లించి వెనక్కి వెళ్తారు. ఈసారి దొంగిలించాల్సింది నగ కాదు, మనిషి. చెరసాలలో ఉన్న కాపలావాణ్ణి. కాలవలు తీసేశాను. దుస్తులు పిల్లలే నూలుగుడ్డతో కుట్టుకుని వెళ్లారు. తాళాల గుత్తి జోలికి పోలేదు.

పబ్లిషరు గారు చదివి తల పట్టుకున్నారు. "ముసలి కాపలావాడి కోసం ఎవడు చదువుతాడయ్యా? ఆ అమ్మాయికీ అబ్బాయికీ ప్రేమ పెట్టు. ముసలాణ్ణి తీసెయ్."

తీసెయ్యనన్నాను. జీవితంలో మొదటిసారి పెద్దవాళ్ల ఎదుట గొంతెత్తి తీసెయ్యనన్నాను. రాతప్రతి తిరిగి నా చేతికొచ్చింది. దసరా దగ్గర పడుతోంది. దుగ్గిరాల నుంచి కబురు మీద కబురు. కొట్టులో నాకోసం కొత్త పరుపు కూడా కుట్టించారని మా అమ్మ సంబరంగా చెప్పింది.

అప్పుడు జరిగింది చూడండి విచిత్రం. పిన్నిగారి అరుగు మీద పుట్టిన ఆ ప్రశ్న రైళ్లెక్కింది. బాపట్లలో పుస్తకం చదివినవాళ్లు తెనాలిలో చుట్టాలకి చెప్పారు, తెనాలివాళ్లు రేపల్లె బండిలో వాదించుకున్నారు. తెనాలి షాపువాడు ప్రెస్సుకొచ్చి, "ఏంటండీ, అందరూ కాపలావాడేమయ్యాడని నన్ను చంపుతున్నారు" అన్నాడు. రేపల్లె షాపువాడు రెండో భాగం ఎప్పుడని మనిషిని పంపాడు. చివరికి చుండూరులో పెళ్లికెళ్లిన పబ్లిషరు గారినే, పంక్తిలో పక్కన కూర్చున్నాయన ఆ ప్రశ్న అడిగాడట. ఆయన పప్పులో నెయ్యి పోయించుకోవడం మరిచిపోయి, తిరిగొచ్చి, "తే ఆ కాగితాలు. ముసలాడు ఉండనీ" అన్నారు.

రెండో భాగం అచ్చయింది. పరుపు మీద మా బావ కూర్చున్నాడు. ఆ కొట్టు ఆయనకే బాగా కలిసొచ్చింది.

కాపీలు పంపిన వారానికి బాపట్ల వెళ్లాను. మస్తాన్ గారు, లక్ష్మమ్మ గారు అందరూ అరుగు మీదే ఉన్నారు. బల్ల మీద కూర్చోగానే అది పక్కకి ఒరిగింది. వంగి చూశాను. కోడు కింద నా పుస్తకం లేదు. చెక్కల మీద వెతికాను, మొదటిదీ లేదు, రెండోదీ లేదు.

"ఏవండీ నా... ఆవిడ పుస్తకాలు?"

"ఇంట్లో ఉన్నాయి" అన్నారు పిన్నిగారు ముక్తసరిగా. ఆ రోజు ఆవిడ చింతపండు గింజలు తియ్యడం లేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

తెర కదిలింది. ఒక మనిషి బయటికొచ్చాడు. పొడుగ్గా, తెల్లగా పాలిపోయి, ఉతికిన చొక్కా వేసుకుని. చేతిలో నా రెండు పుస్తకాలు. వెలుతురికి కళ్లు చిట్లించుకుని, గుమ్మం పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. మస్తాన్ గారు లేచి చోటిచ్చారు. "రండి బాబాయిగారూ" అన్నారు, రోజూ కలిసేవాళ్లలాగా. ఆయన వచ్చి నా పక్కన బల్ల మీద కూర్చున్నారు. బల్ల మళ్లీ ఊగింది.

ఆయన పుస్తకాలు రెండూ పిన్నిగారి వైపు చాపారు. ఆవిడ తీసుకోలేదు.

"అలా ఇచ్చేస్తే కుదరదు. ఎవరికైనా ఒకటే రూలు. అభిప్రాయం చెప్పండి" అన్నారు. గొంతు వణుకుతోంది, పైకి మాత్రం గదమాయింపే.

ఆయన గొంతు సవరించుకున్నారు. ఎన్నాళ్లో వాడని గొంతు.

"బాగుంది" అన్నారు.

"అది మర్యాద."

అందరం నవ్వాం. ఆయన కూడా నవ్వారు. పుస్తకం తెరిచి చివరి పేజీలు తిప్పారు. వేలితో వరుసలు వెతికారు.

"వాణ్ణి ఇంటికి చేర్చారు. సంతోషం. ఇక్కడొక్కటే తప్పు. నడిజామున వాడింటికి వస్తాడు. తలుపు గొళ్లెం పెట్టి ఉంటుంది. తడతాడు, పిలుస్తాడు, చాలాసేపటికి గాని భార్య లేచి తియ్యదు. చదివేవాళ్లకి ఉత్కంఠగా ఉండాలని రాసి ఉంటారు." తల అడ్డంగా ఊపారు. "అలా ఉండదండి. మొగుడు ఇంటికి రాని రాత్రి ఏ ఇల్లాలూ గొళ్లెం పెట్టదు. ఊరికే దగ్గరగా వేస్తుంది. మా ఇంట్లో పెట్టలేదు. అన్ని రాత్రులూ పెట్టలేదు. చెయ్యి వేశాను, తెరుచుకుంది."

పిన్నిగారు గబగబా లేచి, చెక్కల వైపు తిరిగి, దుమ్ము లేని పుస్తకాలకి దుమ్ము దులపడం మొదలెట్టారు. లక్ష్మమ్మ గారు కొంగు నోటికడ్డం పెట్టుకున్నారు. నేనైతే ఆయన చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"సరే, అది అభిప్రాయం" అన్నారు పిన్నిగారు, ఇటు తిరక్కుండానే. "ఏ పుస్తకం కావాలో తీసుకోండి."

ఆ వేళే బల్ల కోడు కింద ఇటుక పెట్టారు. సాయంత్రాలు ఆయన ఆ బల్ల మీదే కూర్చునేవారు. కానిస్టేబులుకి కూడా పుస్తకాలు తీసి ఇచ్చేవారు.

రెండో భాగం మళ్లీ అచ్చుకి వెళ్లినప్పుడు ప్రూఫులు నా దగ్గరికే వచ్చాయి. ఆ గొళ్లెం తీసేశాను.